ఒకే దేవుడికి ఇద్దరు పూజారులుంటే విజ్ఞాన సర్వస్వంలో ఎవరి మాట రాయాలి?

పాత పంతులు, హనుమకొండ

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇక్కడ కొందరం కలిసి ఉత్తర తెలంగాణ వరకు హిందూ మత విజ్ఞాన సర్వస్వం ఒకటి తెలుగులో తయారు చేస్తున్నాం. వెనుక సంస్థ లేదు, నిధులు లేవు. తపాలా, జిరాక్సు ఖర్చులు ఒక బ్యాంకు విశ్రాంత ఉద్యోగి భరిస్తున్నారు. అందుకు బదులుగా ప్రతి సమావేశంలోనూ ‘ఎప్పుడు అచ్చవుతుంది?’ అని అడిగే హక్కు ఆయన తీసుకున్నారు.

పని ఎక్కడిదాకా వచ్చిందంటే, శాసనం ఉన్న గుళ్లన్నీ ఒడ్డున పడ్డాయి. వేయిస్తంభాల గుడికి తల పట్టుకోవలసిన పని రాలేదు. 1163 నాటి రుద్రదేవుని శాసనం అక్కడే ఉంది. రాసిన కవి అచింతేంద్రుడు. శివుడికి, వాసుదేవుడికి, సూర్యుడికి మూడు గర్భగుళ్లున్న త్రికూటమని ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. పాలంపేట రామప్ప గుడి కూడా అంతే. గుడి కట్టించింది రేచర్ల రుద్రుడని 1213 శాసనం చెబుతోంది. రామప్ప అన్నది శిల్పి పేరన్న మాటను మాత్రం ‘ప్రతీతి’ అని విడదీసి రాశాం, శాసనంలో శిల్పి పేరు లేదు కాబట్టి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆ ప్రతీతి చరిత్ర వేషం కట్టుకొని ఊరేగుతోంది. అది వేరే తలనొప్పి, ఇప్పుడు దాని జోలికి పోను.

చిక్కంతా శాసనం మాట్లాడని చోట వస్తోంది. కొమురవెల్లి మల్లన్న మీద రాయమని ఒక మిత్రుడికి అప్పగించాం. ఆయన స్థల మాహాత్మ్యం పుస్తకం ముందు పెట్టుకొని, సమాసాలు తొణకకుండా చక్కగా రాసి పంపారు. అందులో గుట్ట ఉంది, గుహ ఉంది, స్వామి మహిమ ఉంది. పట్నం ఊసు లేదు, అదే, నేల మీద రంగుల ముగ్గు పరిచి చేసే మొక్కుబడి పూజ! కొమురవెల్లి వెళ్లి పట్నం చూడకుండా తిరిగొచ్చిన వారిని నేనింతవరకు ఎరగను. స్వామి కల్యాణం వీరశైవ సంప్రదాయంలో వీరశైవ అర్చకులు చేస్తారు, నిజమే. కానీ మొక్కున్న కుటుంబం వెతుక్కుంటూ వెళ్లేది ఒగ్గు అనే ఢమరుకం వాయిస్తూ మల్లన్న కథ పాడే ఒగ్గు పూజారి దగ్గరికి. ఆయన నేల మీద పసుపుతో గీతలు దిద్ది, బియ్యప్పిండి, కుంకుమ, ఆకుపొడి గుప్పిట్లోకి తీసుకొని వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ ఒక్కో గడీ నింపుతాడు. చెయ్యి ఆగదు, గీత వంకర పోదు. పక్కన ఒగ్గు మోగుతుంటుంది. మల్లన్న కథలోకి బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ ఇద్దరూ వచ్చి చేరతారు, సవతుల వాదులాటతో సహా. దేవుడు ఒకడే, పూజారులు ఇద్దరు, కథలు రెండు. అచ్చులో దొరికేది మాత్రం ఒకటే.

నా ప్రశ్న ఇది. విజ్ఞాన సర్వస్వం అన్నాక వ్యాసం ఒకే గొంతుతో మాట్లాడాలి కదా. ఆ గొంతు ఎవరిది? గ్రంథంలో ఉన్నది పైన రాసి, మిగతాది చివర ‘జానపదుల నమ్మకం’ అని ఒక పేరాలో సర్దేయమని మాలో ఒకరి సలహా. నాకు మింగుడు పడటం లేదు.

ఇంకో చిక్కు పద్మాక్షి గుట్ట. అది కడలాలయ బసది అన్న జైన ఆలయమని, కాకతీయ ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ కట్టించిందని 1117 శాసనం. అక్కడి రాతి స్తంభం మీద జిన మూర్తులు ఇప్పటికీ ఉన్నాయి. ఇవాళ మాత్రం అది అమ్మవారి గుడి, బతుకమ్మ నాడు కింద గుండం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. దీన్ని చేర్చుకోవాలా? చేర్చుకుంటే మేడారం కూడా వస్తుందా?

చివరిగా, వ్యాసాలను అకారాదిగా పేర్చాలా, ఇంకేదైనా పద్ధతి ఉందా? తెలిసినవారు చెప్పండి. ‘మంచి ప్రయత్నం, అభినందనలు’ అని మాత్రం రాయకండి, అవి ఇప్పటికే చాలా వచ్చాయి.

శాసనప్రియ, కరీంనగర్

సార్, మీ చివరి ప్రశ్న ముందు తేల్చుకోవాలి. అది తేలకపోతే తక్కినవి తేల్చడానికి మీలో ఎవరూ మిగలరు.

కొమర్రాజు లక్ష్మణరావు గారి సంగతి మీకు నేను చెప్పాలా? విజ్ఞాన చంద్రికా మండలి నడిపిన మనిషి, శాసనాల్లో మునిగి తేలిన మనిషి. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు తెచ్చి 1923లో, యాభై ఏళ్లయినా నిండకుండా కన్నుమూశారు. ఆ మూడు సంపుటాలూ అకారం దాటలేదు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మళ్లీ తలకెత్తుకున్నారు. ఆయనా 1938లో వెళ్లిపోయారు. ఇద్దరిలో ఎవరికీ చదువు తక్కువా, ఓపిక తక్కువా? అకారాది క్రమం పెట్టుకుంటే ‘క్ష’ దాకా బతకాలి. మధ్యలో పని ఆగితే పాఠకుడికి దక్కేది అగస్త్యుడు, అహల్య, అంతే. కొమురవెల్లి, మేడారం, వేములవాడ వరస వచ్చేసరికి మన మనవలు ముసలివాళ్లవుతారు.

తెలుగు భాషా సమితి వారు ఆ దారి వదిలేసి విషయాన్ని బట్టి సంపుటాలు వేశారు. ఏ సంపుటానికి ఆ సంపుటం విడిగా నిలిచే పుస్తకమైంది. బ్రిల్ సంస్థ ఇంగ్లిషులో వేసిన హిందూ మత విజ్ఞాన సర్వస్వం కూడా అకారాది కాదు. 2009లో వచ్చిన మొదటి సంపుటం ప్రాంతాలు, యాత్రలు, దేవతలతో మొదలవుతుంది. అకారాదిగా వెతుక్కునేవారి కోసం చివర సూచికలకే ఒక సంపుటం కేటాయించారు. మీరూ అదే చేయండి.

ఇక రుషికేశ్ పరమార్థ నికేతన్ స్వామి చిదానంద సరస్వతి గారి పూనికతో వచ్చిన పదకొండు సంపుటాల ఇంగ్లిషు సర్వస్వం. ఆ ఆలోచన 1987 నాటిది. సుమారు వెయ్యి మంది పండితులు, ఏడు వేలకు పైగా అంశాలు. మొదట వర్జీనియా విశ్వవిద్యాలయం ఆచార్యులు శేషగిరిరావు గారు ప్రధాన సంపాదకులు, తర్వాత కపిల్ కపూర్ గారు. అంతర్జాతీయ ముద్రణను 2013లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఆవిష్కరించారు. వెనుక ఆశ్రమం ఉండి, నిధులుండి, దేశదేశాల ఆచార్యులుండి కూడా పాతికేళ్లు పట్టింది. పుణెలో భండార్కర్ సంస్థ మహాభారత పరిష్కరణకు 1919లో కూర్చుంటే 1966కు లేచింది. మధ్యలో 1943లో ప్రధాన సంపాదకుడు సుక్తంకర్ పోయారు. ఇలాంటి పనుల్లో సంపాదకుడి ఆయుష్షు కూడా బడ్జెట్‌లో ఒక పద్దే. మీ బ్యాంకు మిత్రుడికి ఈ మాట చెప్పండి, ఆయనకు లెక్క అర్థమవుతుంది.

ఒంటరిగా చేసినవారు లేకపోలేదు. కాణే గారి ధర్మశాస్త్ర చరిత్ర 1930 నుంచి 1962 దాకా ఒక్క చేతి మీద నడిచింది. బెంగళూరు రామకృష్ణ మఠంలో స్వామి హర్షానంద మూడు సంపుటాల సంగ్రహ సర్వస్వం తానే రాశారు. అలాంటి పనిలో గొంతు ఒకటే ఉంటుంది, తప్పైనా ఒప్పైనా ఒకరిదే. మీది అలాంటిది కాదు.

నా మాట వింటే ప్రాంతాల వారీగా గుచ్ఛాలు చేసుకోండి. గోదావరి ఒడ్డున ధర్మపురి, కాళేశ్వరం ఒకటి. వేములవాడ, దాని చుట్టుపక్కల ఒకటి. ఏ గుచ్ఛం పూర్తయితే అది అచ్చు వేసేయండి.

పద్మాక్షిని తప్పకుండా చేర్చుకోండి. మా గంగాధర దగ్గర కురిక్యాలలో బొమ్మలమ్మ గుట్టదీ అదే కథ. పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో వేయించిన శాసనం, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నది. తెలుగు కంద పద్యాల చరిత్ర చెప్పేవారందరూ ఎక్కే గుట్ట అది. రాతి మీద జైన మూర్తులు, ఊరి నోట బొమ్మలమ్మ. మీరు తీర్పు చెప్పకండి, ఏ శతాబ్దంలో ఎవరు కొలిచారో వరసగా రాయండి. చదివేవారికి బుద్ధి ఉంటుంది.

డిజిటల్ మిత్ర

అంకుల్, ఇంత శ్రమ ఎందుకు? తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. అందులో రాసేస్తే ఎవరైనా దిద్దుకుంటారు, అచ్చు ఖర్చూ ఉండదు.

పాత పంతులు, హనుమకొండ

బాబూ, అందులో నేనూ రాస్తుంటాను. దాని నియమం అచ్చయిన ఆధారం చూపమంటుంది, సొంత పరిశోధన ఒప్పుకోదు. ఆ నియమం వారి పనికి సరైనదే. నా కష్టం అక్కడే ఉంది. స్థల మాహాత్మ్యం పుస్తకానికి అచ్చు ఉంది, ఒగ్గు పూజారికి గొంతు మాత్రమే ఉంది. ముందు ఎవరో ఒకరు ఆ గొంతును అచ్చులోకి తెస్తే తర్వాత వికీపీడియాకూ పనికొస్తుంది.

శాసనప్రియ గారూ, గుచ్ఛాల మాట నచ్చింది. ఆయుష్షు పద్దు గురించి బ్యాంకు మిత్రుడికి చెప్పాను. ‘అయితే పెద్దవారికి ముందు అప్పగించండి’ అన్నారు. ఆయన కన్నా నేను పెద్ద.

జనగామ పరిశోధక

నమస్తే సార్. నేను ఒగ్గు కథల మీద పరిశోధన చేస్తున్నాను. ‘జానపదుల నమ్మకం’ అన్న పేరా దయచేసి పెట్టకండి. ఒగ్గు పూజారికి మల్లన్న పట్నం నమ్మకం కాదు, వృత్తి, విద్య, హక్కు. ఏ ఊరు ఏ కుటుంబానికి చెందుతుందో వారికి లెక్క ఉంటుంది. వీరశైవ అర్చకుడి పూజను ‘ఆచారం’ అని, ఒగ్గు పూజారి పూజను ‘నమ్మకం’ అని రాస్తే తీర్పు చెప్పేసినట్టే.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ప్రతి మాటకూ పక్కన ఎవరు చెప్పారు, ఎక్కడ, ఏ సందర్భంలో అన్నది రాసుకుంటాను. సందర్భం చాలా ముఖ్యం. మొక్కు తీర్చే ఇంట్లో పట్నం ముందు చెప్పిన కథ వేరు, నేను ఫోను ముందు పెట్టి అడిగితే చెప్పే కథ వేరు. పట్నం లేకుండా దేవుణ్ణి పిలిచే భాగం పాడటానికి చాలామంది ఒప్పుకోరు. ‘పిలిచాక వస్తాడు, వచ్చాక ఏం పెడతావు?’ అని ఒక పెద్దాయన నన్నే అడిగాడు. అలాంటప్పుడు ఆ భాగం రికార్డు చేయలేదని వ్యాసంలోనే రాయండి. ఖాళీ ఉన్నచోట ఖాళీ కనిపించాలి, స్థల మాహాత్మ్యంతో పూడ్చకూడదు.

ఇంకో మాట. మీ జాబితాలో గుళ్లే కనిపిస్తున్నాయి. మన దగ్గర పురాణం గుడిలో కన్నా వాడకట్టులో ఎక్కువ ఉంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులి వారు చెప్పాలి, చాకలివారికి మడేలు పురాణం ఉంది, మాదిగలకు జాంబ పురాణం డక్కలివారు చెప్పాలి. వీటిలో చాలావాటికి చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటం కావాలి. పటం చుట్ట విప్పుతుంటే కథ నడుస్తుంది. మార్కండేయ పురాణం అన్న పేరు కింద సంస్కృత గ్రంథం గురించి రెండు పేజీలు రాసి కూనపులి వారిని మరిచిపోతే ఆ సర్వస్వం వరంగల్‌లో తయారైనట్టా, ఇంకెక్కడో తయారైనట్టా?

ఈ పని కొత్తది కాదు సార్. మా పాలకుర్తి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం యాత్రికులు ఏమేం పాడారో వరసగా రాసిపెట్టాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, నివాళి పదాలు, వెన్నెల పదాలు. ఆయన రాయకపోతే కొన్ని పేర్లు కూడా మనకు మిగిలేవి కావు. మన కాలంలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాలను విశ్వవిద్యాలయం మెట్లెక్కించారు. ఆయనదీ వరంగల్ జిల్లానే.

చెప్పినవారి పేరు వ్యాసం కింద రాసేవారి పేరుతో పాటు వేయండి. వారి పూట కూలి పోతుంది కాబట్టి డబ్బు కూడా ఇవ్వండి. బ్యాంకు సార్‌తో ఈ సంగతి ముందే మాట్లాడి పెట్టుకోండి.

తాడ్వాయి టీచర్

మేడారం గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. నేను ఆ మండలంలోనే పనిచేస్తాను, కోయ కుటుంబం నుంచి వచ్చాను.

మీ సర్వస్వంలో మేడారం ఉండాలా వద్దా అన్నది మీరు ఇంట్లో కూర్చొని తేల్చే విషయం కాదు. జాతరకు వచ్చే జనంలో అత్యధికులు తమను హిందువులమనే చెప్పుకుంటారు. తమ ఎత్తు బెల్లం తూచి ‘బంగారం’ అని గద్దెల దగ్గర సమర్పిస్తారు. ఇది కాదనలేం. కానీ అక్కడ విగ్రహం లేదు, ఆగమం లేదు, మంత్రం లేదు. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను తెచ్చేది మా వడ్డెలు, అంటే కోయ పూజారులు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి. ఏ ఊరి వేల్పుకు ఆ ఊరి పూజారులు. నాలుగు ఊళ్లు, నాలుగు కుటుంబాల బాధ్యత. పత్రికల్లో మాత్రం రెండేళ్లకోసారి ‘గిరిజన కుంభమేళా’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

కాకతీయ ప్రతాపరుద్రుడితో యుద్ధం, సమ్మక్క కొడుకు జంపన్న వాగులో దూకటం మా కథ. నేను చూసిన శాసన సంపుటాల్లో ఆ యుద్ధం లేదు. అందువల్ల అది అబద్ధమని ఒకరు, చరిత్రేనని ఒకరు కొట్టుకుంటారు. మీరు ఆ కొట్లాటలో దిగకండి. కోయలు ఇలా చెబుతారు, రాజు శాసనాల్లో ఇది కనిపించదు అని రెండూ పక్కపక్కనే పెట్టండి. ఓడిపోయినవారి గురించి గెలిచినవాడు శాసనం ఎందుకు వేయిస్తాడన్న ప్రశ్న చదివేవారికే వస్తుంది.

ఒక్క షరతు. సమ్మక్క ఫలానా శక్తికి అవతారమని రాస్తే మాత్రం నేను ఊరుకోను. ఆ మాట మా వడ్డెల నోట నేను వినలేదు. గోండుల దేవుడు కేస్లాపూర్ నాగోబా సంగతీ అంతే. పుష్య అమావాస్యకు ముందు గోదావరి నీటి కోసం నడిచివెళ్లేది గోండుల్లోని మెస్రం వంశం, కొత్త కోడళ్లను దేవుడికి చూపించేది మెస్రం వంశం. వ్యాసం నాగదేవతల సాధారణ పూజతో మొదలుపెడితే వారు కనబడకుండా పోతారు. ఈ రెండు వ్యాసాలు కోయ, గోండు చదువరుల చేత రాయించండి. ఇప్పుడు మాలో రాయగలవారు ఉన్నారు, వెతకాలంతే.

పాత పంతులు, హనుమకొండ

అమ్మా, టీచర్ గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. తీసుకున్నవీ తీసుకోనివీ చెబుతాను.

ప్రాంతాల గుచ్ఛాలు ఖాయం. కొమురవెల్లి, అయినవోలు, చేర్యాల పటాలు, కుల పురాణాలు మొదటి గుచ్ఛం. వాడకట్టు పురాణాలు మా జాబితాలో లేవన్న మాట నిజం. జాబితా తయారు చేసినవాళ్లమంతా గుడి మెట్ల వైపు నుంచే చూశాం. చెప్పినవారి పేరు, వారికి పైకం, రెండూ ఒప్పుకున్నాం. బ్యాంకు మిత్రుడు పైకం దగ్గర కాసేపు మౌనం వహించి, రసీదు తీసుకోమన్నారు.

టీచర్ గారూ, అవతారం షరతు సగమే ఒప్పుకుంటాను. వడ్డెలు ఆ మాట అనరని రాస్తాం. అయితే మొక్కుకు వచ్చే ఎందరో సమ్మక్కను ఆదిశక్తి అని పాడతారు, ఆ పాటల క్యాసెట్లు వరంగల్ బస్టాండులో ఒకప్పుడు ఊదరగొట్టేవి. అదీ రాస్తాం, ఎవరు అంటారో చెప్పి మరీ. ఉన్నదాన్ని దాచమంటే మాత్రం నా వల్ల కాదు. వ్యాసం మీరు రాస్తారా? నిడివి పరిమితి పెట్టను. మిగతావారికి పెట్టాను, వారికి చెప్పకండి.

కొమురవెల్లి వ్యాసం మొదలు ఇలా మార్చాను, చూడండి:

‘కొమురవెల్లి మల్లన్న: సిద్దిపేట జిల్లాలో గుట్ట మీద వెలసిన శివ క్షేత్రం. స్వామికి రెండు పూజా సంప్రదాయాలు ఉన్నాయి. ఆలయంలో నిత్యార్చన, కల్యాణం వీరశైవ అర్చకులవి. భక్తుల మొక్కుబడి పట్నాలు, మల్లన్న కథాగానం ఒగ్గు పూజారులవి. ఈ వ్యాసంలో రెండింటినీ వాటిని నిర్వహించేవారు చెప్పినట్టుగా విడివిడిగా ఇస్తున్నాం. తేడా వచ్చిన చోట సమన్వయం చేయలేదు.’

చివరి వాక్యం మీద మాలో రగడ జరిగింది. సమన్వయం చేయకపోతే సంపాదకుడు ఎందుకని మొదటి వ్యాసం రాసిన మిత్రుడి వాదన. ఆయన అలిగి రెండు సమావేశాలకు రాలేదు. వాక్యం మాత్రం అలాగే ఉంది.

శాసనప్రియ గారూ, పరబ్రహ్మశాస్త్రి గారి కరీంనగర్ జిల్లా శాసనాల సంపుటం మీ దగ్గర ఉందా? వేములవాడ గుచ్ఛానికి కావాలి. వచ్చే ఆదివారం రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో కూర్చుంటున్నాం, వీలైతే రండి.

శాసనప్రియ, కరీంనగర్

ఉంది సార్, 1974 ముద్రణ. అట్ట ఊడింది, లోపలి పేజీలు బాగానే ఉన్నాయి. తెస్తాను గానీ జిరాక్సు మిషను మీద బోర్లా వేయనివ్వను, వెన్ను విరుగుతుంది. ఫోనుతో ఫొటోలు తీసుకోండి. కురిక్యాల శాసనం పాఠం దగ్గర నా పెన్సిలు రాతలున్నాయి, వాటిని శాస్త్రి గారివనుకొని వ్యాసంలో ఎక్కించకండి.